కుంచం మీది గోపురం

అటక మీది సామాన్లు దించుతుంటే పాత ఇత్తడి కుంచం దొరికింది. మా మనవరాలు దాన్ని పూలకుండీ అనుకుంది. "కాదమ్మలూ, మన ఊళ్లో కూలీ, కౌలూ, అప్పూ అన్నీ ఒకప్పుడు దీంతోనే తేలేవి. రా, కూర్చో" అన్నాను.

నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. నా చిన్నప్పుడు అమలాపురం చుట్టుపక్కల పిల్లలకి ఎక్కాలతో పాటే ఈ లెక్కా వచ్చేది. కళ్లంలో ధాన్యం కొలిచేవాళ్లు 'ఒకటి' అనేవారు కాదు. లాభం, రెండు, మూడు... అంటూ మొదలెట్టేవారు. నాగలి చెక్కిన వడ్రంగికీ, కర్రు కాల్చిన కమ్మరికీ, బట్టలుతికిన చాకలికీ ఏడాది కష్టానికి ముట్టేది ఆ ధాన్యమే. చేతిలో డబ్బు ఆడేది తక్కువ.

"మరి కొలతలో మోసం ఉండదా తాతయ్యా?"

మంచి ప్రశ్న. మనవరాలి చేతే కుంచంలోకి వడ్లు పోయించాను. అంచు దాటాక గింజలు గోపురంలా లేచాయి. ఇంకా పోస్తే పక్కలకి జారాయే గానీ గోపురం నిటారు కాలేదు. గింజలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడగలిగే వాలు ఒకటుంటుంది. వడ్లకి అది ఇంచుమించు 35 నుంచి 40 డిగ్రీలు. లోతూ వెడల్పూ సమానమైన కుంచం మీద ఆ గోపురంలో పట్టేది కుంచంలో ఎనిమిదో వంతు. వెడల్పు లోతుకి రెట్టింపైతే ఏకంగా నాలుగో వంతు! ఇక చూడు: తీసుకునేటప్పుడు గోపురంతో, ఇచ్చేటప్పుడు అరచేత్తో దువ్వేసి కొలిస్తే, ఎనిమిది కుంచాల దగ్గర ఒక కుంచం తేడా. పైగా ఎత్తునుంచి పోస్తే గింజ గట్టిగా సర్దుకుంటుంది, మెల్లగా జారిస్తే మధ్యలో గాలి మిగులుతుంది. బుట్ట పట్టుకుని కూలికి నిలబడ్డవాళ్లకి దువ్వేసిన కుంచమే దక్కడం నేను కళ్లారా చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఇది మన ఒక్కళ్ల గొడవే కాదు. 1789లో ఫ్రాన్సు రైతులు పెట్టుకున్న మొరల్లో, దొరల కొలపాత్రల మీద ఫిర్యాదులూ, దేశమంతా ఒకే కొలత కావాలన్న కోరికా ఉన్నాయి. మీటరూ కిలోగ్రామూ ఆ విప్లవకాలంలోనే పుట్టాయి. మనకి కొలతల చట్టం 1956లో వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి పదహారణాల రూపాయి వంద నయాపైసలైంది.

అయితే కుంచాన్ని కదిలించింది చట్టమొక్కటే కాదు, కాలవ కూడా. 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పంట పెరిగింది, దాని కాలవల మీదే పడవలెక్కి ధాన్యం ఊరు దాటింది. మొహం చూసి నమ్మే కుంచం ఊళ్లో చెల్లుతుంది. ఎక్కడో ఉన్న కొనుగోలుదారుకి మన ఊరి కుంచం ఎంతో ఎలా తెలుస్తుంది? దూరపు బేరానికి తూకం కావాలి.

తూకం వచ్చింది కదా, అయితే అది నీటినీ గింజగానే చూస్తుంది. ప్రభుత్వం కొనే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. అంతే ఉన్నా, 75 కిలోల బస్తాలో పన్నెండు కిలోల పైచిలుకు నీరే. తేమ పెరిగితే గింజ కరెంటుకి స్పందించే తీరు మారుతుంది. తేమ కొలిచే మీటరు దాన్నే పట్టి అంకె చూపిస్తుంది. కోతల వేళ ముసురు పడితే, రోడ్డు మీద వడ్లు ఆరబోసుకుని ఆకాశం కేసి చూస్తూ కూర్చున్న రైతుకి ఆ అంకే ప్రాణం. అందుకే ఆ మీటరుని సరిచూసి ఎన్నాళ్లయిందని అడిగే హక్కు అతనికి ఉండాలంటాను. మా రోజుల్లో కుంచం గురించి అలా అడిగే ధైర్యం కూలివాళ్లకి లేకపోయింది.

"అన్నీ తూకమేనా ఇప్పుడు?" అంది.

అన్నీ కాదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో కొత్తకొబ్బరి ధర క్వింటాలుకి చెబుతారు, కాయ ధర మాత్రం వెయ్యి కాయలకి. కాయలోనే ఎండిన కురిడీ కొబ్బరిలో గండేరా రకం వేరు, గటగట రకం వేరు, రెంటి ధరా వెయ్యి కాయలకే. పచ్చికాయని తూస్తే లోపలి నీళ్లకీ డబ్బు కట్టినట్టే కదా, లెక్కపెట్టడమే మేలని నాకనిపిస్తుంది.

అటక మీదే ఆరుతున్న కురిడీ కాయొకటి తీసి దాని చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల కొబ్బరి గుండు గటగటలాడింది. దాన్ని పక్కన పెట్టి "లాభం" అంది, రెండో కాయకి చెయ్యి చాచింది.