అలిఫ్‌లో ఎద్దు, ఎర్రగుడిలో మడక సాలు: అక్షరాల పాత కథ

గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని వైపు చాలా ఇళ్లలో పిల్లలు పొద్దున మక్తబ్‌లో కుడి నుంచి ఎడమకు రాస్తారు. తొమ్మిదింటికి బడికెళ్లి ఎడమ నుంచి కుడికి రాస్తారు. "పిల్లోడు తికమక పడడా?" అని తల్లిదండ్రులకు బెంగ. ఆ బెంగతోనే కొందరు ఉర్దూ మాన్పించేస్తున్నారు. దాంతో దాదా రాసిన ఉత్తరాన్ని మనవడు చదవలేని ఇళ్లు పెరుగుతున్నాయి. ఈ రెండు లిపులూ నిజంగా ఒకదానికొకటి అంత దూరమా?

ముందు అలిఫ్ సంగతి. దాదాపు 3,800 ఏళ్ల కింద ఈజిప్టు, సీనాయి ప్రాంతాల్లో పనిచేసిన సెమిటిక్ భాషల జనం ఒక చిన్న ఉపాయం కనిపెట్టారు. ఒక వస్తువు బొమ్మ గీసి, దాని పేరులోని మొదటి శబ్దానికి దాన్ని గుర్తుగా వాడుకున్నారు. వాళ్ల భాషలో 'అల్ప్' అంటే ఎద్దు. ఎద్దు తల బొమ్మే అలిఫ్‌కు మూలం. ఇంగ్లీషు 'ఎ'ను తలకిందులుగా చూస్తే కొమ్ములు ఇప్పటికీ కనిపిస్తాయి. (తెలుగు వాచకంలో 'ఆ' అంటే ఆవు అని ఉండటం కాకతాళీయమే లెండి.) బే అంటే ఇల్లు, బైతుల్లాలోని 'బైత్' అదే మాట. దాల్ తలుపు, కాఫ్ అరచెయ్యి, మీమ్ నీళ్లు. ఐన్ అంటే అరబ్బీలో నేటికీ కన్నే. నూన్ అంటే చేప, అందుకే యూనుస్ అలైహిస్సలాంకు జున్నూన్ అనే పేరు.

అక్షరాలకు అంకెల విలువలూ ఉన్నాయి. అబ్జద్ లెక్కలో అలిఫ్ 1, బే 2, జీమ్ 3, దాల్ 4. బిస్మిల్లా వాక్యంలోని అక్షరాలన్నీ కలిపితే 786 వస్తుంది. అది లెక్క మాత్రమే, బిస్మిల్లాకు బదులు కాదని చాలామంది ఉలమా చెబుతారు. ఇక ఖుర్ఆన్‌లో 29 సూరాల మొదట్లో వచ్చే అలిఫ్ లామ్ మీమ్ వంటి అక్షరాల అర్థం అల్లాహ్‌కే తెలుసన్నది పెద్దల మాట. ఎద్దు, ఇల్లు బొమ్మలతో వాటికి అర్థం చెప్పబోవడం సరికాదు.

ఆ బొమ్మలు ఫినీషియన్, అరామిక్, నబాతీ లిపుల మీదుగా అరగంటూ అరబ్బీ అయ్యాయి. అరామిక్ దగ్గర కాస్త ఆగాలి. అశోకుడు కాందహార్‌లో తన మాటలను గ్రీకుతో పాటు అరామిక్‌లోనూ చెక్కించాడు. ఆ శాసనం 1958లో బయటపడింది. అదే చక్రవర్తి కర్నూలు జిల్లా జొన్నగిరి దగ్గరి ఎర్రగుడి బండల మీద బ్రాహ్మిలో చెక్కించాడు. తెలుగు లిపికి తల్లి ఆ బ్రాహ్మే. బ్రాహ్మికి కూడా అరామిక్ ప్రేరణ ఉందని చాలామంది పండితులు అంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు.

ఎర్రగుడిలో అసలు విశేషం వేరే ఉంది. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడిన ఈ శాసనాల్లో ఒకదాంట్లో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మడక దున్నేటప్పుడు సాలు చివర ఎద్దులు మళ్లుతాయి చూడండి, అచ్చం అలాగే. చెక్కినవాడు ఎందుకలా చేశాడో గానీ, రెండు దిక్కులా రాయడం ఈ నేలకు 2,200 ఏళ్ల పైబడిన సంగతి. రాయదుర్గం దాటితే వచ్చే మొళకాల్మూరు తాలూకా శాసనాల్లో చపడ అనే లేఖకుడు అంతా బ్రాహ్మిలో రాసి, చివర 'లిపికరేణ' అన్న మాటను మాత్రం కుడి నుంచి ఎడమకు రాసే ఖరోష్ఠిలో పెట్టాడు. రెండు లిపులూ వచ్చినవాడినని చెప్పుకోవడం అతనికి ముచ్చట కాబోలు.

తెలుగు అక్షరాల వరుసలో బొమ్మలు లేవు, నోరు ఉంది. క గొంతు దగ్గర మొదలై చ, ట, త మీదుగా ప దగ్గర పెదవులకు చేరుతుంది. అరబ్బీలో ట, డ శబ్దాలు లేవు. మన దేశపు నోళ్లలో అవి లేకపోతే మాట సాగదు. అందుకే ఉర్దూ టే, డాల్, డే అక్షరాలను కొత్తగా తయారు చేసుకుంది. తే, దాల్, రే రూపాల నెత్తిన ఒక చిన్న గుర్తు పెట్టుకుంది. ఆ గుర్తు మరేదో కాదు, బుల్లి తోయ్ అక్షరమే.