నల్లజ్వరం: మట్టిగోడల పగుళ్లలో పొంచి ఉన్న ముప్పు

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ‘ఆజార్’ అనే మాట కొత్తది కాదు. ఫారసీ నుండి వచ్చిన ఈ పదానికి రోగమనీ, బాధ అనీ అర్థం. దానికి ముందు ‘కాలా’ చేర్చి ఉత్తర భారత గ్రామీణులు ఒక జ్వరానికి పేరు పెట్టుకున్నారు. రోగి చర్మం క్రమంగా నల్లబారుతుంది గనుక అది కాలా ఆజార్ అయింది. తెలుగులో నల్లజ్వరమనవచ్చు. చికిత్స అందని రోగులలో నూటికి 95 మందికి పైగా దీనికి బలవుతారు. అందుకే బీహారు పల్లెల్లో ఈ పేరు వింటే ఇల్లంతా మ్రాన్పడిపోయేది.

ఈ జ్వరానికి కారణం కంటికి కానరాని పరాన్నజీవి. అది ప్లీహం, కాలేయం, ఎముకల మూలుగలో చేరి వృద్ధి చెందుతుంది. వారాల తరబడి జ్వరం విడవదు. పొట్ట ఎడమవైపున ప్లీహం గట్టిపడి ఉబ్బుతుంది, రక్తం తరిగిపోతుంది, మనిషి శల్యమవుతాడు. 1903లో లీష్‌మన్, డొనోవన్ అనే ఇద్దరు వైద్యులు వేర్వేరుగా దీని ఆచూకీ తీశారు. ఇందులో డొనోవన్ మద్రాసులో పనిచేసినవాడు. ఇద్దరి పేర్లూ కలిపి ఆ జీవికి ‘లీష్మేనియా డొనోవని’ అని నామకరణం చేశారు.

దానిని ఒకరి నుండి మరొకరికి మోసేది శాండ్‌ఫ్లై. దీనిని ఇసుక ఈగ అంటారు గానీ ఇసుకతో దానికి పనిలేదు. దోమలో మూడోవంతు ఉండే ఈ కీటకానికి కావలసినవి తేమ, చీకటి, కుళ్లిన సేంద్రియ పదార్థం. ఉత్తర బీహారులో గండక్, బాగ్మతీ, కోసీ నదుల మైదానాలలోని పేదవాని ఇల్లు ఈ మూడింటినీ ఒకేచోట సమకూరుస్తుంది. వెదురు తడికలకు మట్టి, పేడ మెత్తిన గోడలు వర్షాలకు నాని, ఎండకు పగులుతాయి. పగటివేళ ఈగ ఆ పగుళ్లలో తలదాచుకుంటుంది. నేల మట్టిది, పైగా తడి ఆరదు. పశువు ఇంటి గోడకు ఆనుకునే ఉంటుంది, చలికాలంలో లోపలికే వస్తుంది. ఈగ పశువు రక్తమూ తాగుతుంది, మనిషి రక్తమూ తాగుతుంది. పశువుకు రోగం రాదు, కానీ పేడ, తడి మట్టి ఈగ పిల్లలకు ఊయల అవుతాయి. ఈ ఈగ ఎగిరేదానికన్నా గెంతేదే ఎక్కువ, కాబట్టి నేలమీద పడుకునేవారే దానికి సులువుగా చిక్కుతారు. మంచం లేనివాడు, దోమతెర లేనివాడు, కిటికీ లేని గదిలో పిల్లలతో కలిసి నిద్రించే తల్లి, వీరి మీదనే దాని కాటు పడుతుంది. ‘పేదల రోగం’ అనే మాటను మనం తేలికగా వాడేస్తాం గానీ, ఇక్కడ పేదరికం గోడల రూపంలోనే కనిపిస్తుంది.

అయితే ఇల్లొక్కటే కారణం కాదు. పరాన్నజీవి శరీరంలోకి ప్రవేశించిన వారందరికీ జ్వరం రాదు. తిండి చాలక బక్కచిక్కిన శరీరంలో అది పైచేయి సాధిస్తుంది. హెచ్‌ఐవి ఉన్నవారిలో మందు వాడిన తరువాత కూడా తిరగబెడుతుంది. జ్వరం మొదలైన తొలినాళ్లలో పల్లెలోని అనుభవ వైద్యులు మలేరియా అనో, టైఫాయిడ్ అనో మందులిస్తారు. వారాలు గడిచిపోతాయి, అప్పు పెరుగుతుంది. ఆడవారి విషయంలో ఆలస్యం మరీ ఎక్కువ. కూలికి పోయే మగవాని జ్వరానికి దొరికే బండి ఖర్చు, ఇంట్లోని స్త్రీ జ్వరానికి దొరకదు. ఆ ఆలస్యమంతా రోగికే కాదు, ఊరికీ చేటు. మన ఉపఖండంలో ఈ పరాన్నజీవికి ఆశ్రయం మనిషే. చికిత్స పొందని ఒక రోగి చుట్టూ ఉన్న ఇళ్లలోని ఈగలన్నిటికీ అది అంటుకోగలదు.

వ్యాధి ఎలా విరుచుకుపడుతుందో చరిత్ర చూపింది. మలేరియా నిర్మూలన కోసం 1950ల నుండి ఇళ్లలో డీడీటీ పిచికారీ చేసినప్పుడు దోమలతో పాటు ఈగలూ నశించాయి. నల్లజ్వరం దాదాపు మాయమైంది. పిచికారీ ఆగిపోయింది. 1970లలో ఉత్తర బీహారులో జ్వరం మళ్లీ తలెత్తి పల్లెలను చుట్టేసింది. 1992లో దేశంలో 77,102 మంది రోగులు, 1,419 మరణాలు లెక్కకెక్కాయి. పైగా దశాబ్దాలుగా వాడిన ఆంటిమొనీ సూదిమందు బీహారులో చాలామందికి పనిచేయకుండా పోయింది. గెలిచామనుకుని చేతులు దులుపుకున్న చోటే ఓటమి ఎదురైంది.

ఇప్పుడు పరిస్థితి ఎంతో మెరుగు. వేలిచివర రక్తపు బొట్టుతో నిమిషాలలో తేలే పరీక్ష ఉంది. ఒకే ఒక్క రోజు సెలైన్‌లో ఎక్కించే ఆంఫోటెరిసిన్ మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. బీహారు, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్‌లలో వ్యాధి పాతుకుపోయిన జిల్లాలు 54. పది వేల జనాభాకు ఏడాదికి ఒకరికన్నా తక్కువ రోగులుండాలన్న లక్ష్యాన్ని 2023 చివరికి అక్కడి బ్లాకులన్నీ అందుకున్నాయి. ఈ స్థితి మూడేళ్లు నిలిస్తేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరిస్తుంది. పొరుగున ఉన్న బంగ్లాదేశ్ 2023 అక్టోబరులోనే ఆ ధ్రువీకరణ పొంది, ప్రపంచంలో మొదటి దేశమైంది.

మమ్మల్ని కలవరపెడుతున్నది జ్వరం తగ్గిన వారి చర్మం. కోలుకున్న వారిలో కొందరికి నెలలో, ఏళ్లో గడిచాక ముఖం మీద, ఒంటి మీద పాలిపోయిన మచ్చలు, బొడిపెలు వస్తాయి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, కాబట్టి ఎవరూ వైద్యుని వద్దకు పోరు. కొన్నిసార్లు కుష్ఠుగా పొరబడతారు, పెళ్లి సంబంధాలు చెడతాయని దాచిపెడతారు. కానీ ఆ మచ్చలలో పరాన్నజీవి సజీవంగానే ఉంటుంది, ఈగ దానిని అక్కడి నుండే మళ్లీ అందుకోగలదు. రోగుల సంఖ్య తగ్గేకొద్దీ ఈ మచ్చల ప్రమాదమే పెద్దదవుతుంది. దీనికి నోటి మాత్రల చికిత్స పన్నెండు వారాల పాటు సాగుతుంది. గర్భిణులకు ఆ మందు ఇవ్వరాదు. రోజు గడవని కుటుంబం అన్ని వారాలు మాత్రలు మానకుండా వాడటం ఎంత కష్టమో ఊహించవచ్చు.

తెలుగు నేల ఈ జ్వరానికి పుట్టిల్లు కాదు. కానీ హైదరాబాదులో మన ఇళ్లకు రాళ్లెత్తేది, హోటళ్లలో గిన్నెలు కడిగేది, కార్ఖానాలలో పనిచేసేది బీహారు, జార్ఖండ్ బిడ్డలే. ఈదుకో, ఛఠ్ పండుగకో వారు సొంతూరికి వెళ్లి వస్తారు. కాటు పడిన రెండు నుండి ఆరు నెలలకు గానీ సాధారణంగా జ్వరం బయటపడదు. ఇక్కడి వైద్యునికి ఈ రోగం తరచుగా తటస్థపడదు, వెంటనే స్ఫురించకపోవచ్చు. మీ వద్ద పనిచేసే అబ్బాయికి రెండు వారాలు దాటినా జ్వరం తగ్గకుండా, పొట్ట ఎడమవైపు బరువుగా ఉంటే వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. వయసు, పేరుతో పాటు అతని జిల్లా ఏదో, కిందటి ఏడాది అక్కడ ఎన్నాళ్లున్నాడో వైద్యునికి చెప్పండి.