పాట వెంట నడచు పియానో

మన సంగీతసభలలో గాయకుడు పాడుచుండగా వయొలిన్ విద్వాంసుడు ఆ పాటను నీడవలె అనుసరించును. గాయకుడు పలికిన స్వరమునే తానును పలికించును. వెనుక తంబుర షడ్జ పంచమములను విడువక మ్రోయుచుండును. ఒక్క వరుసను ఎంత లోతుగా, ఎంత సూక్ష్మముగా పలికింపవచ్చునో చూపుటయే మన సంగీతము చేసిన గొప్ప సాధన. పాశ్చాత్య సంగీతములో తోడు వాద్యమునకు మరియొక పని కూడ గలదు. గాయకుడు ఒక స్వరము పాడుచుండగా, దానితో పొత్తు కుదురు మరి రెండు మూడు స్వరములను ఒక్కసారిగా మ్రోగించి, ఆ స్వరము నిలుచుటకు పునాది వేయవలెను. అట్లు కూడి పలుకు స్వరముల గుంపునకు కార్డు అని పేరు. ఒక కార్డునుండి మరియొక కార్డునకు పోవునపుడు నడుమ క్షణకాలము తాకి విడిచిపెట్టు కార్డును పాసింగ్ కార్డు అందురు.

ఆఫ్రికా సంతతి అమెరికనుల చర్చిలలో పుట్టి పెరిగిన గాస్పెల్ పియానోకు ఈ పాసింగ్ కార్డులు ప్రాణమువంటివి. నేడు రేడియోలోను, ఇతర సాధనములలోను ఆ సంగీతము మన ఇండ్లలో కూడ వినబడుచున్నది. పియానోయో, కీబోర్డో నేర్చుకొను పిల్లలు ఇప్పుడు అనేక కుటుంబములలో ఉన్నారు. కనుక ఈ కార్డులు ఎట్లు కుదురునో, వానిని ఎచట ఉంచవలెనో, ఎచట ఉంచరాదో ఇచట కొంత విచారింతము.

గాస్పెల్ సంగీతమునకు పితామహుడని పేరుపొందిన థామస్ ఎ. డార్సీ 1899లో జార్జియా రాష్ట్రమున జన్మించిరి. ఆయన తండ్రి క్రైస్తవ బోధకుడు. డార్సీ యౌవనమున ‘జార్జియా టామ్’ అను పేరుతో బ్లూస్ పాటలకు పియానో వాయించిరి. మా రైనీ అను ప్రసిద్ధ గాయనికి తోడు వాద్యకారుడుగా ఉండిరి. తరువాత చికాగో నగరమున స్థిరపడి, ఆ బ్లూస్ పోకడలను దైవకీర్తనలలోనికి తెచ్చిరి. వీధిపాటల వాసన గుడిలోనికి వచ్చినదని మొదట కొన్ని చర్చిలవారు ఆక్షేపించిరి. 1932 ఆగస్టులో డార్సీ సెంట్ లూయిస్ నగరమునకు పోయి ఉండగా, ఇంటివద్ద ఆయన భార్య ప్రసవ సమయమున మరణించినది; శిశువు కూడ దక్కలేదు. ఆ శోకములో ఆయన ఒక పాత కీర్తన వరుసను ఆధారము చేసికొని ‘ప్రెషస్ లార్డ్’ అను పాటను కట్టిరి. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియలనాడు మహాలియా జాక్సన్ గారు పాడిన పాట అదియే.

ఈ చరిత్రను ఇచట చెప్పుటకు కారణము గలదు. ఇవి ముఖ్యముగా సభను రంజింపజేయుటకు కట్టిన పాటలు కావు. దుఃఖములో ఉన్న మనిషియు, అతని చుట్టు కూడిన సమాజమును కలిసి పాడుకొను పాటలు. పియానో ముందు కూర్చున్నవారు ఆ గొంతులను మోయవలసినవారు. పాసింగ్ కార్డు నేర్చుకొనువారు మొదట ఈ సంగతిని గుర్తింపవలెను.

ఇక విషయమునకు వత్తము. హార్మోనియము చూచినవారికి పియానో మెట్లు క్రొత్తవి కావు. స్థాయికి ఏడు తెల్లవి, ఐదు నల్లవి, వెరసి 12. ఒకటవ శ్రుతిని షడ్జమముగా పెట్టుకొన్నచో తెల్లమెట్లన్నియు వరుసగా శంకరాభరణ స్వరములగును. ఈ ఏడు స్వరములనుండి ముఖ్యమైన మూడు కార్డులు ఏర్పడును. స గ ప కలిసి మొదటిది. మ ద స కలిసి రెండవది. ప ని రి కలిసి మూడవది. గాస్పెల్ వాద్యకారులు వీనిని ఒకటి, నాలుగు, ఐదు అని అంకెలతో పిలుతురు. ఇది కార్డు ఏ స్వరముపై నిలిచినదో తెలుపు అంకె. గాయకురాలు తన గొంతునకు అనువైన ఏ శ్రుతిలోనైన పాట ఎత్తుకొనవచ్చును. మెట్లు మారినను అంకెలు మారవు. మన స్వరనామములకును ఈ సౌకర్యమే గలదు గనుక ఇచట వానినే వాడుచున్నాము.

ఈ మూడు కార్డులను కలిపి చూచినచో సప్తస్వరములన్నియు వానిలో దొరకును. అనగా, శంకరాభరణ స్వరములతో నడచు ఏ వరుసకైనను ఈ మూడింటితోనే పునాది వేయవచ్చును. పాడు స్వరము కుడిచేతి చిటికెనవ్రేలి క్రింద, అన్నిటికంటె పైన ఉండవలెను. తక్కిన స్వరములు దాని క్రింద అమరవలెను. ఎడమచేయి కార్డుకు మూలమైన స్వరమును మంద్రములో పట్టవలెను. ప్రతి స్వరమునకు ఒక కార్డు అక్కరలేదు. తాళములో బలమైన దెబ్బవద్ద కార్డు మారిన చాలును. ఈ పునాది గట్టిపడనిదే పాసింగ్ కార్డుల జోలికి పోరాదు. గోడ లేనిదే చిత్తరువు వ్రాయలేము గదా!

ఉదాహరణకు ‘అమేజింగ్ గ్రేస్’ అను కీర్తనను తీసికొందము. దీని సాహిత్యము ఇంగ్లండు దేశమునకు చెందిన జాన్ న్యూటన్ అను మతాచార్యునిది, 1779లో అచ్చయినది. ఇప్పుడు మనము వినుచున్న వరుసను 1835లో విలియం వాకర్ అను అమెరికన్ తన పాటల పుస్తకములో ఆ సాహిత్యముతో జతపరచెను. ఈ వరుసలో ఉన్నవి స రి గ ప ద అను ఐదు స్వరములు మాత్రమే. మనకు మోహనములో పరిచయమైన స్వరములే ఇవి. సంచారము వేరు గనుక దీనిని మోహనరాగమనలేము. కాని మన చెవికి దగ్గరగా తోచుటకు కారణమిది.

పాట మూడు మాత్రల నడకలో సాగును. మంద్ర పంచమముతో ఎత్తుకొని, మొదటి ఆవృత్తములో షడ్జమము రెండు మాత్రలు నిలిచి, మూడవ మాత్రలో గ స అని వడిగా పలుకును. రెండవ ఆవృత్తములో గాంధారము రెండు మాత్రలు, రిషభము ఒకటి. మూడవ ఆవృత్తములో షడ్జమము రెండు, ధైవతము ఒకటి. నాల్గవదానిలో పంచమముపై పాట నిలుచును. దీనికి పునాది సులభము: మొదటి రెండు ఆవృత్తములకు ఒకటవ కార్డు, మూడవదానికి నాల్గవ కార్డు, నాల్గవదానికి తిరిగి ఒకటవ కార్డు. ఇంతమాత్రము వాయించినను పాట చక్కగా నిలుచును.

ఇప్పుడు రెండవ ఆవృత్తపు చివరి మాత్రను చూడుడు. గాయకురాలు రిషభము పాడుచున్నది. తరువాతి దెబ్బకు మనము నాల్గవ కార్డునకు, అనగా మ ద స కు పోవలెను. ఈ ఒక్క మాత్రలో ఎడమచేత షడ్జమమును పట్టి, కుడిచేత అంతర గాంధారము, కైశిక నిషాదము, పైన పాటలోని రిషభము మ్రోగింపుడు. కైశిక నిషాదము ఈ పాటకు పరాయి స్వరము. దానిని వినగానే చెవికి ఒక నిలుకడలేమి తోచును; ఎచటికో పోవలెనను తహతహ పుట్టును. మరుసటి దెబ్బకు గాంధారము ప్రక్క మెట్టుననున్న మధ్యమమునకు ఎక్కును. నిషాదము ప్రక్క మెట్టుననున్న ధైవతమునకు దిగును. రిషభము పాటతో కూడ షడ్జమమునకు వచ్చును. మూడు స్వరములును తమ తమ చోట్లకు చేరగా ఆ తహతహ తీరును.

మూడవ ఆవృత్తపు చివరి మాత్ర ఇంకను రమ్యము. ఇచట పాటలో ధైవతము. ఎడమచేతిలో శుద్ధ మధ్యమము రెండు మాత్రలు నిలిచినది. ఇప్పుడు దానిని ఒక్క మెట్టు పైకి జరిపి ప్రతి మధ్యమము చేయుడు. కుడిచేత షడ్జమము, సాధారణ గాంధారము, పైన పాటలోని ధైవతము ఉంచుడు. పాశ్చాత్యులు దీనిని డిమినిష్డ్ కార్డు అందురు. దీని స్వరములు సమాన దూరములలో ఉండుటచే ఇది ఎచటను స్థిరముగా నిలువదు. తరువాతి దెబ్బకు ఎడమచేతి ప్రతి మధ్యమము పంచమమునకు ఎక్కును, పాటలోని ధైవతము పంచమమునకు దిగును, సాధారణ గాంధారము అంతర గాంధారమగును, షడ్జమము కదలదు. క్రిందినుండి ఒకటి, పైనుండి ఒకటి వచ్చి రెండును పంచమమువద్ద కలిసికొనుట స్పష్టముగా వినబడును.

గాయకురాలు ఈ నాలుగు ఆవృత్తములలోను తన ఐదు స్వరములను దాటలేదు. ఒక్క అక్షరము మారలేదు. కాని పాట అడుగున ఆ ఐదింటిలో లేని స్వరములు నాలుగు వచ్చి పోయినవి: శుద్ధ మధ్యమము, ప్రతి మధ్యమము, కైశిక నిషాదము, సాధారణ గాంధారము. పాసింగ్ కార్డు చేయు పని ఇదియే.

మూడవ విధము ఒకటి గలదు. చరణము కొసను గాయకురాలు షడ్జమమును దీర్ఘముగా పట్టినదనుకొందము. తరువాతి పంక్తి నాల్గవ కార్డుతో మొదలగును. ఆ వ్యవధిలో ఎడమచేయి స రి గ మ అని మెట్లెక్కవచ్చును. స మీద స గ ప, రి మీద రి మ ద స, గ మీద మరల స గ ప, మ మీద మ ద స. నాల్గింటిలోను షడ్జమము ఉన్నది గనుక పాడుచున్న గొంతునకు ఎచటను ఒరపిడి కలుగదు.

సాధన చేయువారు ఈ క్రమమును పాటించుట మంచిది. మొదట వరుసను నోటితో పాడుకొనవలెను. పిమ్మట పునాది కార్డులను మాత్రము వాయింపవలెను. తరువాత చేరవలసిన కార్డు ఏదో నిశ్చయించుకొని, దానికి ముందున్న చివరి బలహీనపు మాత్రలో పాసింగ్ కార్డును ఉంచవలెను. అనగా గమ్యమునుండి వెనుకకు ఆలోచింపవలెను. పాడు స్వరము ఆ కార్డుతో పొసగునో లేదో చూచుకొనవలెను. పొసగనిచో కార్డును విడువవలెనే గాని పాటను మార్చరాదు. ఒక శ్రుతిలో చేతికి వచ్చిన పిమ్మట మరియొక శ్రుతికి మార్చి చూడవలెను. నల్లమెట్లపై షడ్జమము నిలుపు శ్రుతులు గాస్పెల్ వాద్యకారులకు మిక్కిలి వాడుకైనవి.

క్రొత్తగా నేర్చినవారికి కలుగు ప్రలోభమొకటి గలదు: తెలిసిన కార్డులనన్నిటిని ప్రతి మాత్రలోను క్రుమ్మరించుట. అప్పుడు పాడువారికి తాము ఎచట ఉన్నదియు తెలియదు. సమాజము గొంతు తగ్గించును. వాద్యము ఒక్కటే మిగులును. అంధురాలైన అరిజోనా డ్రేన్స్ 1926లోనే చికాగోలో తన పాటను, పియానోను గ్రామఫోను రికార్డులకెక్కించినది. రాబర్టా మార్టిన్ తన బృందమును పియానోవద్దనుండి నడిపినది. మహాలియా జాక్సన్ గారికి 1954లో అమెరికాలోని సి.బి.ఎస్. రేడియోలో ఒక కార్యక్రమము ఏర్పడినది. ఆమె పాటకు ఏండ్లకొలది పియానో వాయించినది మిల్డ్రెడ్ ఫాల్స్. ఆ రికార్డులను శ్రద్ధగా వినినచో, గాయని ఊపిరి తీసికొనుచోట పియానో పలుకుటయు, మాట పలుకుచోట తగ్గుటయు తెలియును. జాక్సన్ గారు 1971లో మన దేశమునకు వచ్చి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో పాడిరి.

మన తెలుగు చర్చిలలో కీబోర్డు వాయించు యువకులకు ఒక మాట. తెలుగు క్రైస్తవ కీర్తనలలో పెక్కు మన రాగములలో కట్టినవి. మోహనము, శంకరాభరణము వంటి వరుసలకు పైన చెప్పిన కార్డులు సుకరముగా అమరును. గమకము ప్రధానమైన రాగములలో అట్లు కుదరదు. గొంతు రెండు స్వరముల నడుమ ఊగుచుండగా, మెట్టుపై నిలిచిన స్వరము దానితో పోరాడును. అట్టి చోట్ల కార్డును మార్చక, షడ్జ పంచమములను మాత్రము పట్టి ఊరకుండుటయే మేలు. మన తంబుర నేర్పిన పాఠము ఇచట పనికివచ్చును.

ఈ వారము ఒక్క పంక్తిని, రెండే రెండు పాసింగ్ కార్డులను సాధన చేయుడు. ఇంటిలో పాడగలవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వాయింపుడు. వారు తడబడక, వాద్యమువైపు తిరిగి చూడక, హాయిగా పాడగలిగినచో మూడవ కార్డును చేర్చుకొనవచ్చును.