పాత కంప్యూటరుకు వేషం కట్టే ప్రోగ్రాములు

పిల్లలూ, మీలో కొందరైనా పగటివేషాలు చూసే ఉంటారు. మంచి వేషగాడు ముసలివాడి వేషం కట్టాడంటే తెల్లగడ్డం అంటించుకుని ఊరుకోడు. ముసలివాడిలాగే మెల్లిగా నడుస్తాడు, మెట్టు దగ్గర తడబడతాడు, మాట మధ్యలో దగ్గుతాడు. అది చూసి జనం, "అచ్చం ముసలాడే!" అని మెచ్చుకుంటారు.

కంప్యూటర్లలో కూడా ఇలాటి వేషాలున్నాయి. ఎన్నడో తయారీ ఆగిపోయిన పాత కంప్యూటరు వేషాన్ని ఇప్పటి కంప్యూటరు చేత కట్టించే ప్రోగ్రామును ఎమ్యులేటరు అంటారు. ఇంటర్నెట్టులో ఇవి చాలా దొరుకుతాయి. మరి వాటిలో ఏది మంచిదో తెలుసుకోవటం ఎలా? ఒక పాత కంప్యూటరును తీసుకుని చూద్దాం.

1982లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో క్లైవ్ సింక్లెయిర్ అనే ఆయన కంపెనీ, జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటరును అమ్మకానికి పెట్టింది. అది ఒక పుస్తకమంత ఉండేది. దానికి రబ్బరు మీటలుండేవి. తెర ఉండేది కాదు, ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకోవాలి. ప్రోగ్రాములను పాటల కాసెట్ల లాటి కాసెట్ల నుంచి, టేప్‌రికార్డరు ద్వారా ఎక్కించుకోవాలి. మొదట వచ్చిన రెండు రకాలలో పెద్దదాని మెమరీ 48 కిలోబైట్లు. అంటే అందులో సుమారు 49 వేల ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. ఈనాడు ఫోనుతో తీసిన ఒక్క ఫోటోకు ఆ చోటు చాలదు! ఆ కాస్త చోటులోనే ఎందరో పిల్లలు ప్రోగ్రాములు రాయటం నేర్చుకున్నారు. 1983లో మాథ్యూ స్మిత్ అనే, ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రవాడు, మానిక్ మైనర్ అనే ఆట రాసి గొప్ప పేరు తెచ్చుకున్నాడు.

స్పెక్ట్రమ్ తయారీ 1992లో ఆగిపోయింది. మిగిలి ఉన్నవాటికి ముసలితనం వచ్చింది. మీటల కింద ఉండే పల్చని పొర ఎండి పగులుతుంది. కాసెట్లు పాడవుతాయి. అవి పూర్తిగా పోతే, ఆ కుర్రవాళ్లు రాసినవన్నీ ఏమవుతాయి?

తాటాకు గ్రంథం శిథిలం కాకముందే మన పెద్దలు మరో ప్రతి రాసి ఉంచేవారు. అలాగే ఈ కాసెట్లలో ఉన్నవాటికి కూడా శ్రద్ధగలవారు ప్రతులు తీసి దాచారు. కాని ప్రతి ఉంటే సరిపోతుందా? దాన్ని చదవగలవాడు కూడా ఉండాలి గదా! స్పెక్ట్రమ్ కోసం రాసినది ఇప్పటి కంప్యూటరుకు తనంతట తనకు అర్థం కాదు. చదివి వినిపించేది ఎమ్యులేటరు. అది తప్పు చదివితే, అసలు ఎలా ఉండేదో రేపటివారికి తెలియకుండాపోతుంది. అందుచేత ఎమ్యులేటరును కొన్ని పరీక్షలు పెట్టి ఎంచుకోవాలి.

మొదటి పరీక్ష వేగం. స్పెక్ట్రమ్‌లో లెక్కలు చేసే చిప్పు గడియారం సెకనుకు 35 లక్షల సార్లు కొట్టుకునేది. ఇప్పటి కంప్యూటరు దానికన్నా ఎన్నో రెట్లు వేగం గలది. అదుపు లేకుండా వదిలితే, ఆట మొదలయిందని మీరు గ్రహించే లోపలే అయిపోతుంది! ఇంకొక చిక్కు కూడా ఉంది. స్పెక్ట్రమ్‌లో తెర మీద బొమ్మ గీసేది మరొక చిప్పు. మెమరీలో మొదటి 16 కిలోబైట్లను రెండు చిప్పులూ వాడుకోవాలి. బావి దగ్గర ఒకే చేద ఉంటే ఒకరు తోడుకునేదాకా రెండోవారు ఆగవలసినట్టే, ఒక చిప్పు బొమ్మ గీస్తూంటే రెండోది ఆగాలి. తెలివిగల కుర్రవాళ్లు ఈ ఆగటాన్ని కూడా లెక్క వేసి, తెర అంచున రంగురంగుల చారలు తెప్పించారు. ఈ ఆగటాన్ని పట్టించుకోని ఎమ్యులేటరులో ఆ చారలు చెదిరిపోతాయి.

రెండో పరీక్ష లోపాలు. లోపాలు ఎందుకంటారా? స్పెక్ట్రమ్ తెర మీద అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలుంటాయి. అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కలు గల ఒక్కొక్క గడిలో రెండు రంగులు మాత్రమే ఉండవచ్చు. ఆటలో ఎర్రని మనిషి పచ్చని చెట్టు ముందుగా నడిస్తే, చెట్టు కూడా కాస్త ఎర్రబడుతుంది. దాన్ని తప్పించటానికి కొందరు ఆట మొత్తం ఒకే రంగులో గీశారు. ఎమ్యులేటరు ఈ లోపాన్ని దిద్దేస్తే, వాళ్లు ఎందుకలా చేశారో మనకు బోధపడదు. ముసలివాడి వేషం కట్టినవాడు దగ్గటం మానేసినట్టే!

మూడో పరీక్ష సౌకర్యం. పెద్ద ప్రోగ్రామును కాసెట్టు నుంచి ఎక్కించటానికి అయిదు నిమిషాలదాకా పట్టేది. అంతసేపూ కీచుమంటూ మోత! ఆ మోత వింటూ కూచోవాలా, క్షణంలో ఎక్కించాలా అన్నది మంచి ఎమ్యులేటరు మీకే వదిలేస్తుంది. స్పెక్ట్రమ్‌లో ఒక్క మీట నొక్కితే ఒక పూర్తి మాట పడేది. కొత్తవాళ్లు తికమకపడకుండా మీటల పటం కూడా చూపించాలి.

నాలుగోది న్యాయం. స్పెక్ట్రమ్‌లో చెరగకుండా రాసి ఉంచిన 16 కిలోబైట్ల ప్రోగ్రాము ఒకటి ఉంది. అది లేనిదే ఎమ్యులేటరు పనిచెయ్యదు. 1986లో సింక్లెయిర్ కంప్యూటర్ల హక్కులు కొన్న ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ, దాన్ని ఎమ్యులేటర్లతోపాటు పంచుకోవచ్చునని తరవాత అనుమతి ఇచ్చింది. ఆటల సంగతి వేరు. వాటిని రాసినవారిలో కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. ఒప్పుకోనివారి సొత్తును పంచిపెట్టేది ఎంత బాగా ఆడినా మంచి ఎమ్యులేటరు కాదు.

అయిదోది చాలామంది మరిచిపోయేది. ఎమ్యులేటరు కూడా ఒక ప్రోగ్రామే. అది ఏ కంప్యూటరు కోసం తయారయిందో, ఆ కంప్యూటరు కూడా ఒకనాడు పాతదయిపోతుంది. అప్పుడు చదివేవాడికే మరొక చదివేవాడు కావాలి! అందుకే ఎమ్యులేటరు ఎలా రాశారో అందరికీ చూపించేవి మేలు. రాసినవారు విరమించుకున్నా, మరొకరు దాన్ని కొత్త కంప్యూటరుకు తగినట్టు సవరించగలరు. ఫ్యూజ్ అనే స్పెక్ట్రమ్ ఎమ్యులేటరు ఇలాటిదే. దాన్ని ఎవరయినా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చనూవచ్చు.

మీ అమ్మగారినో నాన్నగారినో అడిగి, ఇలాటి ఎమ్యులేటరును కంప్యూటరులో పెట్టించుకోండి. 48 కిలోబైట్ల స్పెక్ట్రమ్‌ను ఎంచుకుని, ఇంగ్లీషు బి మీట నొక్కండి. తెర మీద బోర్డర్ అనే మాట మొత్తం దానంతట అదే పడుతుంది. తరవాత 2 నొక్కి, ఎంటర్ కొట్టండి. తెర చుట్టూ అంచు ఎర్రగా మారుతుంది. మరి 1 నుంచి 7 దాకా మిగతా అంకెలకు ఏమేమి రంగులు వస్తాయో మీరే కనుక్కోండి!