మట్టికుప్ప మీద మంచుకొండ

డిస్నీల్యాండ్ అనగానే చాలామందికి కోట, మిక్కీ మౌస్ గుర్తొస్తాయి. సీఎస్ఈ వాడిని కాబట్టి నాకు మాత్రం అది డెడ్‌లైన్‌కి సగం పూర్తయిన ప్రాజెక్టులా కనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో 160 ఎకరాలు, ఎక్కువగా నారింజ తోటలు. 1954 జులైలో పని మొదలైంది. ప్రారంభం 1955 జులై 17. అంటే చేతిలో ఉన్నది ఒక్క ఏడాది! అంత తొందరకి ఒక కారణం డబ్బు. వాల్ట్ డిస్నీ తన జీవిత బీమా మీద కూడా అప్పు తెచ్చారు. ఏబీసీ టీవీ సంస్థ 5 లక్షల డాలర్లు పెట్టి, 45 లక్షల డాలర్ల అప్పుకి హామీ ఇచ్చింది. బదులుగా పార్కులో మూడో వంతు వాటా, వారం వారం ఒక టీవీ షో. పార్కు ఎలా తయారవుతోందో ఆ షోలోనే జనానికి చూపించేవారు. దేశమంతా ఎదురుచూస్తుంటే వాయిదా ఎలా వేస్తారు?

పనిలో తిప్పలు తక్కువేం కాదు. పార్కులో తవ్విన నదిలో నీళ్లు పోస్తే ఇసుక నేలలోకి ఇంకిపోయాయి. బంకమట్టి పరిచి ఆపారు. చివర్లో ప్లంబర్ల సమ్మె. మంచినీటి కుళాయిలా, టాయిలెట్లా? రెండూ పూర్తయ్యే టైం లేదు. వాల్ట్ టాయిలెట్లనే ఎంచుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఇదే. దాహమేస్తే కూల్‌డ్రింక్ కొనుక్కోవచ్చు, రెండోదానికి ప్రత్యామ్నాయం లేదు కదా!

ప్రారంభం రోజు దొంగ టికెట్లతో కూడా జనం వచ్చిపడ్డారు. ఎండకి కొత్త తారు మెత్తబడి హైహీల్స్ దిగబడిపోయాయి. ఇదంతా టీవీ లైవ్ జరుగుతుండగానే. అయినా ఏడు వారాల్లో 10 లక్షల మంది వచ్చారు.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. కాలువ పడవల రైడ్‌కి మొదట్లో ఒడ్డున చూడ్డానికి ఏమీ లేదు, బురద గట్లు తప్ప. 1956లో అవే గట్ల మీద కథల్లోని బుల్లి ఊళ్లు కట్టి రైడ్‌ని మళ్లీ తెరిచారు. కోట చుట్టూ కందకం తవ్విన మట్టిని ఒకచోట గుట్టగా పోశారు. 1959లో అక్కడే 147 అడుగుల మాటర్‌హార్న్ కొండ లేచింది. స్విట్జర్లాండ్‌లోని అసలు కొండ ఎత్తులో ఇది సుమారు వందో వంతు. గొట్టపు స్టీల్ పట్టాల మీద నడిచిన మొదటి రోలర్ కోస్టర్ ఇదే.

పార్కు చుట్టూ రైలు, మట్టిగట్టు ఉన్నాయి. మరి లోపల చోటు చాలకపోతే? 1967 మార్చిలో తెరిచిన సముద్రపు దొంగల రైడ్‌లో పడవలు రైలు పట్టాల కిందుగా గట్టు అవతలి బిల్డింగ్‌లోకి వెళ్తాయి. దాని మీద దగ్గరుండి పనిచేయించిన వాల్ట్ 1966 డిసెంబర్‌లోనే చనిపోయారు. రైడ్ తెరవడం చూడలేదు, కానీ పని ఆగలేదు.

మనమేమో రివ్యూ అయిపోగానే ప్రాజెక్టు ఫోల్డర్ మూసేస్తాం, మార్కులు వచ్చేశాయి కదా అని. ఈ సెలవుల్లో పాత ఫోల్డర్ ఒకటి తెరిచి చూడండి. అందులో ఏ మూలో ఒక మట్టికుప్ప ఉండే ఉంటుంది.