‘బాగానే చూశారు’ అంటే ఏమిటి?

దివిసీమలో వరినాట్ల రోజులంటే పాముకాటు రోజులు కూడా. 2018 ఆగస్టులో అవనిగడ్డ ఆసుపత్రికి పాముకాటు కేసులు వరసకట్టాయి. ప్రభుత్వం మోపిదేవి గుళ్లో సర్పశాంతి యాగం చేయించింది. కానీ బురదలోకి దిగే మాల, మాదిగ కూలీల్ని బతికించేది విరుగుడు మందు, దాన్ని ఎక్కించే నర్సు.

అత్యవసర విభాగంలో రోగి రక్తం కాస్త గాజుగొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టలేదంటే రక్తపింజరి లాంటి పాము విషం ఎక్కినట్టు. నాగుపాము, కట్లపాము కాట్లలో రక్తం గడ్డకట్టినా రెప్పలు వాలిపోతాయి. మందు ఎక్కేటప్పుడు దద్దుర్లు, ఆయాసం వస్తాయేమోనని నర్సు కనిపెట్టుకుని ఉండాలి.

ఇదంతా చెప్పకపోతే కూలితల్లికి ఏం తెలుస్తుంది? ‘ఊరికే కూచోబెట్టారు’ అనుకుంటుంది. అయినా గుడివాడలోగానీ మచిలీపట్నంలోగానీ ‘తృప్తిగా ఉందా?’ అని అడిగితే ‘బాగానే చూశారమ్మా’ అనే అంటుంది. తరతరాలుగా గుమ్మం బయట నిలబెట్టిన మనిషికి మంచం దొరకడమే గొప్ప. ఆ జవాబుని సేవకి కొలతగా తీసుకోకూడదు.

అడగాల్సినవి వేరు. ఎంతసేపటికి పలకరించారు? ‘ఏయ్’ అన్నారా, పేరుపెట్టి పిలిచారా? చెయ్యి పట్టి నాడి చూశారా? ఏం చేస్తున్నారో చెప్పారా? ఒక్క నర్సు ఎన్ని మంచాలకి పరుగెత్తుతోందో కూడా అడగాలి. అప్పుడే అసలు తృప్తి ఎంతో తేలుతుంది.