ఎండాకాలం మూత్రం పచ్చగా ఎందుకొస్తుంది?

ఏప్రిల్ చివరికి స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల యాసంగి వడ్లు కల్లాలకు చేరతాయి. మిట్టమధ్యాహ్నం వడ్లు ఎండబోసి బస్తాలు మోసేవాళ్లకు గంటకు లీటరు చెమట పోయినా ఆశ్చర్యం లేదు. ఆ రోజుల్లో మూత్రం కొద్దిగా, ముదురు పచ్చగా వస్తుంది. వేడి చేసిందంటాం. నిజానికి అప్పుడు మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి నీళ్లు పొదుపు చేస్తోంది.

కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. మూత్రంగా పోయేది మాత్రం లీటరున్నర, రెండు లీటర్లే. మిగతాది తిరిగి రక్తంలో కలుస్తుంది. చివర్లో ఎంత పోవాలి, ఎంత మిగలాలి అన్నది తేల్చేది ఏడీహెచ్ అనే హార్మోన్. చెమట పట్టి రక్తంలో లవణాల గాఢత ఒక్క శాతం పెరిగినా హైపోథాలమస్‌లోని కణాలు పసిగడతాయి. ఏడీహెచ్ తయారయ్యేదీ అక్కడే. పిట్యూటరీ వెనుక భాగంలో నిల్వ ఉన్న ఆ హార్మోన్ రక్తంలోకి దిగి కిడ్నీ గొట్టాల చివర్లకు చేరుతుంది. అక్కడి కణాల గోడల్లో ఆక్వాపోరిన్ అనే సన్నని నీటి దారులు తెరుచుకుంటాయి, నీరు వెనక్కి మళ్లుతుంది. ఈ దారులను కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది. చెరువు నీటిమట్టం చూసి తూము ఎత్తీ దించే నీరటి పనే ఇది. రెండు చెంబుల నీళ్లు తాగితే ఏడీహెచ్ తగ్గుతుంది, కాసేపటికి మూత్రం తెల్లబడుతుంది.

చెమటలో ఉప్పు కూడా పోతుంది. దాన్ని ఆపేది కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు వదిలే ఆల్డోస్టిరాన్. వారం, పది రోజులు ఎండలో పనిచేసినవాళ్ల చెమటలో ఉప్పు తగ్గిపోతుంది. పట్నం నుంచి సెలవులకొచ్చి మొదటిరోజే బస్తా ఎత్తుకున్న కుర్రాడికి ఆ అలవాటు ఇంకా పడి ఉండదు. అందుకే ముందు కళ్లు తిరిగేది అతనికే. వట్టి నీళ్ల కంటే ఉప్పేసిన మజ్జిగ, గంజి మేలనేది కూడా ఇందుకే.

ఇక కల్లు సంగతి. ఎండకు చలువ చేస్తుందని మన ప్రాంతంలో గట్టి నమ్మకం. తెల్లవారుజామున దించిన తాజా నీరాతో పేచీ లేదు. పొద్దెక్కి పులిసినకొద్దీ ఆల్కహాల్ పెరుగుతుంది. ఆల్కహాల్ ఏడీహెచ్‌ను అడ్డుకుంటుంది. ఒంట్లో నీళ్లు నిలపాల్సిన వేళ బయటికి పంపే పని అది. గీతన్నలు కోప్పడినా సరే, కల్లు తాగేది పని ముగిశాక, నీళ్లు తాగాకే.

షుగర్ ఉన్నవాళ్లకు మాటిమాటికీ మూత్రం రావడం వేరే కథ. అక్కడ మూత్రంలోకి దిగిన చక్కెర తనతో నీళ్లను లాక్కుపోతుంది.

హార్మోన్లు ఉన్న నీళ్లను కాపాడగలవు, లేనివి పుట్టించలేవు. మరుగుదొడ్డి లేక పొద్దంతా దాహం బిగబట్టుకునే ఆడకూలీల విషయంలో ఈ తేడా ప్రాణాల మీదికొస్తుంది. వడ్ల కొనుగోలు కేంద్రాల్లో నీడ, మంచినీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లతో పాటు ఆడవాళ్లకు మరుగుదొడ్డి కూడా ఉండాలి. ఎండలో ఎవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే, ఒళ్లు కాలిపోతుంటే ఆలస్యం చేయొద్దు. నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు చల్లి, 108కు ఫోన్ చేయండి.